ఆకు లాగితే కదిలే నీరు

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం, వృక్షశాస్త్రం బోధించి రిటైరైన ఒక మాస్టారు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. సభలోంచి వచ్చిన ప్రశ్నలు ఎక్కడివక్కడే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక ఫ్యాన్ల కింద సర్దుకున్నవాళ్లు కాస్త ముందుకొస్తే మంచిది. మధ్యలో ఒక చెక్క బిళ్ల, ఒక భూతద్దం మీ చేతుల్లోకి వస్తాయి, దూరంగా కూర్చుంటే అందవు.

2024 మార్చి నెలాఖర్లో మీ అందరి ఫోన్లకీ ఒక వీడియో వచ్చే ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాపికొండల అడవిలో, అటవీ శాఖ వాళ్లు ఒక నల్లమద్ది చెట్టు బెరడు కోశారు. నీళ్లు ధారకట్టి చిమ్మాయి. అక్కడి గిరిజనులు కొండరెడ్లకి అది కొత్త సంగతేం కాదు. ఎండాకాలం అడవిలో దాహం వేస్తే ఏ చెట్టు దగ్గరికి వెళ్లాలో వాళ్లకి తాతల నాటి నుంచీ తెలుసు. టౌన్లో ఉన్న మనకే వింత. ఆ వారమంతా నాకు ఒకటే ఫోన్లు. "మాస్టారూ, చెట్లలో నీళ్లు అంత ప్రెషర్‌తో పారుతుంటాయా? మరి మా ఇంటి ముందు వేపచెట్టుకి గాటు పెడితే చుక్క కూడా రాదేం?"

ఆ రెండో ప్రశ్న బాగుంది. దాంతోనే మొదలుపెడతాను.

ఎండ మండిపోతున్న మధ్యాహ్నం ఏ వేపకో టేకుకో తెల్లచెక్క దాకా గాటు పెట్టండి. లోపలి నీరు బయటికి రాకపోగా బయటి గాలి లోపలికి పోతుంది. ఈసారి కాండం మీద మైనంతో చిన్న గట్టు కట్టి, అందులో రంగు నీళ్లు పోసి, ఆ నీళ్ల అడుగున ఉలితో కోయండి. తరవాత చెక్కను చీల్చి చూస్తే రంగు గాటుకి పైకీ పాకి ఉంటుంది, కిందికీ పాకి ఉంటుంది. పైకి పోయిందంటే అర్థముంది. కిందికి ఎందుకు పోవాలి? లోపలున్న నీరు బిగిసి ఉంది కాబట్టి. పై నుంచి ఆకులు లాగుతున్నాయి, కింద నేల వదలనంటోంది. మధ్యలో తెంపగానే రెండు కొసలూ చెరో వైపు జారిపోయాయి, వాటి వెంట రంగు కూడా పోయింది. నల్లమద్దిలోంచి చిమ్మింది ప్రయాణంలో ఉన్న నీరు కాదండి. కాండంలో ఒకచోట చేరి, ఒత్తిడి మీద నిలిచి ఉన్న నీరు. కొమ్మ చివరికి పోయే నీటి దారి వేరు, దాని స్వభావం వేరు.

మరి నీరు అంత ఎత్తుకి ఎలా ఎక్కుతుంది? దీనికి ఇంటర్ పుస్తకంలో నాలుగు సిద్ధాంతాలు వరసగా రాసి, నాలుగు మార్కులకి అడుగుతారు. పిల్లలు నాలుగూ కంఠతా పట్టి, నాలుగూ సమానమే అనుకుని బయటికొస్తారు. సమానం కాదు. ఒక్కొక్కటీ అంకెలతో తూచి చూద్దాం.

చెట్టు పైభాగంలో శూన్యం ఏర్పడి, వాతావరణ పీడనం కింది నుంచి నీటిని నెడుతుందనుకుందాం. పీల్చే పంపు ఏదైనా సరే, ఎంత ఖరీదైనదైనా సరే, 10.3 మీటర్లకి మించి నీటిని పైకి తేలేదు. నుయ్యి లోతైతే మోటారును లోపలికి దించేది అందుకే. మన కొండల మీద పెరిగిన బూరుగ అంతకి రెండింతలు సులువుగా ఉంటుంది. కాలిఫోర్నియాలో హైపీరియన్ అనే రెడ్‌వుడ్ చెట్టు ఎత్తు 115 మీటర్ల పైచిలుకు. సరే, సన్నటి గొట్టంలో నీరు దానంతటదే ఎగబాకుతుంది కదా, కేశనాళికత అంటాం. మిల్లీమీటరులో పదో వంతు వెడల్పున్న గొట్టంలో అది 30 సెంటీమీటర్లు ఎక్కి ఆగిపోతుంది. మొక్కజొన్నకి కూడా చాలదు. ఇక వేరు పీడనం. పొద్దున్నే అరటాకు అంచున కనిపించే నీటి బొట్లు దాని చలవే. అది మహా అయితే ఒకటి రెండు అట్మాస్ఫియర్లు. ఒక అట్మాస్ఫియరంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత, ఇందాకటి 10.3 మీటర్ల నీటిని నిలబెట్టేది. పైగా ఆకులు గట్టిగా పనిచేసే మధ్యాహ్నం వేళకి అది ఉండదు. ఉండి ఉంటే మన గాట్లోంచి నీళ్లు కారాలి.

జీవకణాలు నెడుతున్నాయేమో అన్నది నాలుగోది. దీనికి 1891లోనే స్ట్రాస్‌బర్గర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త గట్టి పరీక్ష పెట్టాడు. ఇరవై మీటర్లు పైబడిన ఓక్ చెట్టును మొదట్లో కోసి, నిలువునా పిక్రిక్ ఆమ్లం తొట్టిలో నిలబెట్టాడు. ఆ విషం కాండంలో అందిన కణాన్నల్లా చంపుకుంటూ పైకెక్కింది. ఆ తరవాత తొట్టిలో రంగు ద్రవం పోస్తే, చచ్చిన కాండంలోంచి అది కూడా ఎక్కింది. దారిలో బతికున్నవాళ్లెవరూ లేకపోయినా బండి నడిచింది. ఇది తెలిసి కూడా మన జగదీశ్ చంద్ర బోసు 1923లో, బెరడు లోపలి పొరలోని కణాలు లయబద్ధంగా కొట్టుకుంటూ రసాన్ని పైకి నెడతాయని వాదించారు. బోసుగారంటే నాకు భక్తి. ఆయన కట్టిన పరికరాల సున్నితత్వం ఇవాళ్టికీ ఆశ్చర్యమే. ఈ విషయంలో మాత్రం ఆయన పక్కన నిలబడలేను. మన దేశం వాడని చెప్పి పరీక్షలో నిలబడని మాటని నిలబెట్టడం ఆయనకే అవమానం.

సరైన జవాబు 1894లో డబ్లిన్‌లో దొరికింది. డిక్సన్ వృక్షశాస్త్రవేత్త, జోలీ భౌతికశాస్త్రవేత్త. ఇద్దరూ జర్మనీలోని బాన్ వెళ్లి స్ట్రాస్‌బర్గర్ పని చూసి వచ్చినవాళ్లు. వాళ్లన్నది ఇది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆకులో తడి కణాల గోడల మీంచి ఒక వరస ఆవిరైపోతే, వెనక వరస దాని స్థానంలోకి లాగబడుతుంది, దాని వెనకది, ఆ వెనకది, అలా వేరు కొస దాకా. నూతిలోంచి చేద లాగుతున్నట్టే అనుకోండి. ఒక్క తేడా, ఇక్కడ చేంతాడూ నీరే, చేదలో ఉన్నదీ నీరే.

నీటిని తాడులా లాగొచ్చా అని ఆ రోజుల్లో చాలామంది నవ్వారు. ఎంత గట్టిగా లాగుతున్నాయో కొలిచి చూపించింది 1965లో షోలాండర్ అనే శాస్త్రవేత్త. ఒక కొమ్మ కోసి, ఆకులున్న వైపు ఇనప గదిలో పెట్టి, కోసిన కాడ కొస మాత్రం బయటికి ఉంచి, లోపలికి గ్యాస్ ఎక్కించుకుంటూ పోతారు. వెనక్కి జారిపోయిన నీరు మళ్లీ కోసిన చోట తళుక్కుమన్న క్షణాన మీటరు చూస్తే, చెట్టులో బిగువెంతో తెలిసిపోతుంది. అమెరికాలో ఎత్తయిన డగ్లస్ ఫర్ చెట్ల చిటారు కొమ్మలు కావాల్సొస్తే, ఎక్కలేక, గురి తప్పని తుపాకీవాణ్ణి తీసుకెళ్లి కొమ్మల్ని కాల్చి పడగొట్టించారు. ఆకురాల్చే చెట్లలో మధ్యాహ్నం వేళ ఈ బిగువు మామూలుగా 10 నుంచి 20 అట్మాస్ఫియర్లు. కోరింగ లాంటి చోట్ల పెరిగే మడచెట్ల జాతుల్లో 30 దాటింది, ఎందుకంటే ఉప్పునీటిలోంచి మంచినీరు లాక్కోవాలంటే ముందు 25 దాటాలి మరి.

(సభలోంచి: మాస్టారూ, ఆకుకి అంత బలం ఎక్కడిది?)

ఆకుది కాదమ్మా, గాలిది. ఇది మన విశాఖ వాళ్లకి బాగా అర్థమవుతుంది. గాలిలో తేమ 90 శాతం ఉన్న రోజున కూడా ఆ గాలి నీటిని లాగే శక్తి 140 అట్మాస్ఫియర్లు దాటుతుంది. తేమ 50 శాతానికి దిగితే 900 దాటుతుంది. లెక్క కట్టి చూసుకోవచ్చు, ఇందులో అతిశయం లేదు. సముద్రపు గాలి కొట్టే రోజుల్లో మనకి చెమట ఆరదు, చెట్టుకీ ఆవిరి తగ్గుతుంది. మే నెలలో పడమటి గాలి తిరిగి, సముద్రపు గాలిని బీచ్ దగ్గరే ఆపేసిన రోజున చూడండి, గుమ్మం ముందు తులసి రెండు గంటలకే తల వేలాడేస్తుంది. అంత ఆకలి మీదున్న గాలికి, చెట్టులోని నీటికీ మధ్య అడ్డు నిలిచేవి ఆకు అడుగునుండే రంధ్రాలే. అవి మూసుకుంటే చెట్టుకి నీళ్లు మిగులుతాయి. కానీ కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ రంధ్రాల్లోంచే రావాలి, అది రాకపోతే తిండి లేదు. అందుకే వేరు తాగిన నీటిలో నూటికి తొంభై అయిదు పాళ్లకి పైగా గాలిలో కలిసిపోతుంది. చెట్టు తన ఒంట్లో ఉంచుకునేది ఆ మిగిలిన కాస్తే.

ఇప్పుడు చెక్క బిళ్ల. ఇటు ముందు వరస నుంచి మొదలుపెట్టండి.

టింబర్ అడితిలో అడిగి తెచ్చిన టేకు దుంగ అడ్డకోత ఇది. పైన కాస్త గరుకు కాగితం పట్టించి, బ్లేడుతో ఒక మూల నున్నగా కోశాను. ఆ మూలే చూడండి. భూతద్దం కంటికి ఆనించి, చెక్కను దగ్గరికి తెచ్చుకోవాలి. బయటి అంచున పాలిపోయిన పట్టీ ఉందా, అది తెల్లచెక్క. లోపల బంగారు గోధుమరంగుది చేవ. ఇప్పుడు వలయాలు చూడండి. ప్రతి వలయం మొదట్లో సూదితో పొడిచినట్టు వరసగా రంధ్రాలు కనిపిస్తాయి. అవే నాళాలు. వాటిలో పెద్దవి పావు మిల్లీమీటరు దాకా ఉంటాయి, అద్దం లేకపోయినా కనబడతాయి. బయటికి జరిగేకొద్దీ రంధ్రాలు చిన్నవై, దూరదూరంగా, మందంగా ఉన్న చెక్కలో కలిసిపోతాయి. మళ్లీ ఒక్కసారిగా పెద్ద రంధ్రాల వరస. అంటే మళ్లీ సీజను మొదలైందన్నమాట. టేకు కొత్త ఆకు తొడిగే రోజుల్లో కట్టుకున్న గొట్టాలు ఆ పెద్దవి.

(సభలోంచి ఒక వడ్రంగి: ఆ వరస చూసే మేం నాటు టేకు అవునో కాదో చెప్తామండి. చిత్రిక పట్టగానే పొడుగ్గా గీతలు లేస్తాయి.)

అదే. మీకు పొడుగు గీతల్లా కనిపించేవి నిలువునా చీలిన నాళాలే. మీరు రోజూ చూసేది నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. అడ్డంగా కోస్తే చుక్క, నిలువుగా కోస్తే గీత.

పక్కనే ఇంకో బిళ్ల వస్తోంది, అది వేప. అందులో రంధ్రాలు వలయం పొడుగునా చెదురుగా, ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. ఆకురాల్చే చెట్లలో ఈ రెండు తీర్లూ ఉన్నాయి. చలి దేశాల్లో ఓక్, యాష్, ఎల్మ్, చెస్ట్‌నట్‌లవి వరస నాళాలు. మేపుల్, బీచ్, బర్చ్‌లవి చెదురు నాళాలు. ఏ తీరైనా నాళమంటే చచ్చిపోయిన కణాల గోడలే. ఒక కణం మీద ఒక కణం పేర్చి, మధ్య అడ్డుగోడలు కరిగించి, లోపలి ప్రాణం తీసేసి, ఖాళీ గొట్టం మిగిల్చుకుంటుంది చెట్టు. మేపుల్‌లో ఈ గొట్టాల పొడవు అడుగు లోపు. ఓక్‌లో కొన్ని మీటర్ల కొద్దీ సాగుతాయి.

గొట్టం సైజుకి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, సన్నటి గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. వెడల్పు రెట్టింపైతే ప్రవాహం పదహారు రెట్లు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 60 మైక్రాన్ల గొట్టానికి బదులు 300 మైక్రాన్లది పెట్టుకుంటే, అదే లాగుడుకి 625 రెట్ల నీరు. పిల్లలు అయిదుని నాలుగుసార్లు హెచ్చించి చూసుకోండి. 1930లలో హ్యూబర్ అనే శాస్త్రవేత్త కాండాన్ని ఒకచోట వేడి చేసి, ఆ వేడి నీరు పై మార్కుకి ఎంతసేపట్లో చేరుతుందో టైం కట్టాడు. వరస నాళాల ఓక్‌లో మధ్యాహ్నం వేగం గంటకి 40 మీటర్లు దాటింది. చెదురు నాళాల చెట్లలో గంటకి ఒకటి నుంచి ఆరు మీటర్లు. ఇప్పుడైతే 1985లో గ్రానియే రూపొందించిన పద్ధతి ఎక్కువ వాడుతున్నారు. తెల్లచెక్కలోకి ఒకదాని పైన ఒకటి రెండు సూదులు దించి, పైదాన్ని సన్నగా వేడి చేస్తారు. నీరు జోరుగా పోతుంటే వేడిని మోసుకుపోతుంది కాబట్టి రెండు సూదుల మధ్య తేడా తగ్గుతుంది.

మరి అన్ని చెట్లూ పెద్ద గొట్టాలే ఎందుకు పెట్టుకోలేదు? నా ప్రసంగానికి కీలకం ఇక్కడే ఉంది. బిగిసిన నీటికి ఒక భయం ఉంది, గాలి బుడగ. ఎక్కడైనా చిన్న బుడగ పుట్టిందంటే, బిగువు కాస్తా సడలి, ఆ బుడగ క్షణంలో గొట్టం నిండా పరుచుకుంటుంది. ఆ గొట్టం పని అయిపోయినట్టే. అలా తెగినప్పుడు టక్కుమని శబ్దం కూడా వస్తుంది. 1966లో మిల్‌బర్న్, జాన్సన్ అనే ఇద్దరు, వాడిపోతున్న ఆకు కాడకి సున్నితమైన మైకు తగిలించి ఆ టక్కుల్ని లెక్కపెట్టారు.

ఒక గొట్టంలోని గాలి పక్క గొట్టంలోకి పాకకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. నాళాల పక్కగోడల్లో గుంటలుంటాయి. గుంట మధ్యలో సెల్యులోజు పోగులతో అల్లిన పలచటి పొర. నీటికి దారిస్తుంది, గాలిని ఆపుతుంది. ఎలా ఆపుతుందంటే, ఆ అల్లికలోని సందులు నానోమీటర్ల కొలతలో ఉంటాయి, అంటే మైక్రానులో వెయ్యో వంతుల్లో. సందు వెడల్పు 100 నానోమీటర్లైతే, దాంట్లో నిలిచిన నీటి పొరని చీల్చడానికి గాలికి సుమారు 29 అట్మాస్ఫియర్ల తోపు కావాలి. కరువు మరీ ముదిరి బిగువు ఆ గీత దాటినప్పుడే, అన్నిటికంటే పెద్ద సందులోంచి గాలి దూరుతుంది. పెద్ద నాళమంటే గుంటలు ఎక్కువ, గుంటలు ఎక్కువైతే వాటిలో ఎక్కడో ఒక బలహీనమైన సందు ఉండే అవకాశం ఎక్కువ. అయితే పెద్ద గొట్టాన్ని నిజంగా ఆర్పేసేది గడ్డకట్టే చలి. నీటిలో కరిగిన గాలి మంచులో ఇమడదు, బుడగలై బయటపడుతుంది. మంచు కరిగేటప్పుడు సన్నటి గొట్టంలోని చిన్న బుడగ మళ్లీ నీటిలో కరిగిపోతుంది. పెద్ద గొట్టంలోని బుడగ పెద్దది, అది కరిగేలోపే బిగువు వచ్చి దాన్ని సాగదీస్తుంది.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఓక్ చెట్టు పెద్ద గొట్టాలు ఒక్క శీతాకాలంతో సరి. వసంతంలో ఆకు విచ్చుకోవడానికి ముందే బెరడు కింద కొత్త గొట్టాల వరస కట్టుకోవాలి, అందుకే అది ఆలస్యంగా చిగురుస్తుంది. ఆ ఏడాది ప్రవాహమంతా దాదాపు ఆ ఒక్క వేలెడు లేని వరసలోనే. మేపుల్‌కి అంత కంగారు లేదు, పాత వలయాలు ఎన్నో ఇంకా పనిచేస్తుంటాయి. ఎల్మ్ చెట్లకి బూజు తెగులు పట్టి యూరప్, అమెరికాల్లో వీధులకి వీధులు ఎండిపోవడానికి ఒక కారణం ఇదే. పనిచేసేది బయటి వలయం ఒక్కటే అయినప్పుడు, బూజు దాన్ని మూసేస్తే చాలు. బర్చ్, ద్రాక్ష లాంటివి మాత్రం వసంతంలో వేరు పీడనంతో గాలిని నెట్టేసి పాత గొట్టాల్ని మళ్లీ నింపుకుంటాయి.

మనకి మంచు లేదు. లంబసింగిలో చలి కొరికినా పది రోజుల ముచ్చట. మన చెట్లకి అసలు గండం ఎండాకాలం, మాఘం వెళ్లాక మొదలై తొలకరి దాకా సాగేది. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోడులై నిలబడ్డ చెట్లు చూస్తారు. ఆకు రాల్చడాన్ని మనం ముసలితనంలా, ఓటమిలా మాట్లాడుకుంటాం కానీ, అది పైపులైను కాపాడుకునే పని. నేల ఎండుతున్నకొద్దీ లాగుడు పెరగాలి, లాగుడు పెరిగితే కాండంలో గాలి దూరుతుంది. ఆకు పోతే కొత్త ఆకు ఒక్క నెలలో వస్తుంది. కాండం పోతే ఏళ్లు పడుతుంది. కొన్ని చెట్లలో ఆకు కాడలోని గొట్టాలే ముందు తెగేలా ఉంటాయి, కాండం గొట్టాలు ఆ తరవాతే. ఖర్చు తక్కువ ఉన్నచోట ఫ్యూజు పోతుందన్నమాట.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ఉగాదికి వేప పువ్వు ఎక్కడిది? అప్పటికి నేల ఎంత ఎండి ఉందో మీకు తెలుసు, వాన రావడానికి ఇంకా రెండు నెలలు పైనే. అయినా వేప చిగురు వేసి పూస్తుంది, కానుగ పాతాకు దులిపి నాలుగు రోజుల్లో తళతళలాడే పచ్చాకు వేస్తుంది, మోదుగ, బూరుగ ఆకు లేకుండానే నిండా పూస్తాయి. ఆకు రాల్చగానే లాగుడు ఆగింది. లోతు వేళ్లు మాత్రం కొద్దికొద్దిగా నీరు తెస్తూనే ఉన్నాయి. ఖర్చు లేక రాబడి ఉంటే ఏమవుతుంది, కాండం మళ్లీ నిండుతుంది. బూరుగ లాంటి తేలికపాటి చెక్కైతే ఒంటి నిండా నీటి గిడ్డంగే. మొగ్గ విచ్చుకోవడానికి కణం ఉబ్బాలి, ఉబ్బడానికి బిగువు సడలాలి. ఎండాకాలంలో ఆ సడలింపు దొరికే దారి ఆకు రాల్చడమే. ఈ లెక్క మధ్య అమెరికా ఎండు అడవుల్లో బాగా కొలిచి చూశారు. మన తూర్పు కనుమల చెట్ల మీద ఆ స్థాయిలో పని చేసే కుర్రాళ్లు ఇంకా రావాలి. ఇక్కడ డిగ్రీ పిల్లలెవరైనా ఉంటే వింటున్నారనుకుంటాను.

చేవ గురించి రెండు మాటలు. గాలి నిండిన పాత నాళంలోకి పక్కనున్న బతికిన కణాలు గుంటల్లోంచి బుడగల్లా ఉబ్బి దాన్ని బిగించేస్తాయి. టైలోస్‌లు అంటారు. తరవాత ఆ కణాలు కూడా చచ్చేముందు నూనెలు, రంగులు, చేదు పదార్థాలు నింపి పోతాయి. అదే చేవ, చెదపురుగు దాని జోలికి రాకపోవడం అందుకే. తెల్ల ఓక్‌తో పీపాలు చేస్తే కారవు, ఎర్ర ఓక్‌తో చేస్తే కారతాయి. తెల్ల ఓక్‌లో టైలోస్‌లు గొట్టాన్ని పూర్తిగా మూసేస్తాయి, ఎర్రదాంట్లో ముక్కకి ఒక కొసన నోరు పెట్టి ఊదితే రెండో కొసన గాలి వస్తుంది. చేవ నీరు మోయదు కాబట్టే, నడుము బోలుపోయి తొర్రపడ్డ చెట్టు కూడా పైన పచ్చగా ఉంటుంది. తొర్ర ఉంది కదా అని చెట్టు చచ్చిందనుకోకండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: హుద్‌హుద్ తుపాను తరవాత ఊళ్లో ఒక్క చెట్టుకీ ఆకు లేదు. కొన్నాళ్లకి మళ్లీ చిగురించాయి. ఇదే కారణమా?)

ఇదే. 2014 అక్టోబరు 12. మర్నాడు కైలాసగిరి చూస్తే కాల్చినట్టు గోధుమరంగులో ఉంది. వేళ్లు తెగకుండా నిలబడ్డ చెట్ల సంగతి చెప్తాను. ఆకులన్నీ గాలి దులిపేసింది, నేలేమో వానకి నిండుగా తడిసి ఉంది. లాగుడు లేదు, నీరు నిండుగా ఉంది, మొగ్గకి అంతకన్నా ఏం కావాలి? కాలం కాని కాలంలో చిగురించాయి. వేళ్లు సగం తెగి ఒరిగిన చెట్లకి మాత్రం ఆ కొత్త ఆకే బరువైంది. ఆకు ఎంతుందో అంత నీరు తేగల వేరు లేదు. పెద్ద చెట్టును తవ్వి ఇంకోచోట నాటేటప్పుడు కొమ్మలు కొట్టేసేది కూడా ఈ లెక్కతోనే. కొమ్మలు ఉంచేసి చూపుకి బాగుందని నాటితే నెలలో ఎండుతుంది.

(ప్రశ్న: చెట్టు చుట్టూ బెరడు ఒలిచేస్తే చచ్చిపోతుంది కదా. మరి నీరు చెక్కలోంచి పోతుందంటున్నారు?)

మంచి మెలిక పెట్టారు. బెరడు ఒలిస్తే ఆకులు వెంటనే వాడవు, గమనించారా? వారాలు, ఒక్కోసారి నెలలు పచ్చగానే ఉంటాయి. నీరు చెక్కలోంచి వస్తూనే ఉంటుంది. తెగిపోయింది ఆకు నుంచి వేరుకి దిగే తిండి దారి, అది బెరడు లోపలి పొరలో ఉంటుంది. వేరు ఆకలితో చచ్చాక అప్పుడు నీరు ఆగుతుంది. పదిహేడో శతాబ్దంలోనే మాల్పీజీ అనే ఇటలీ శాస్త్రవేత్త ఇది చేసి చూశాడు. కట్టడానికి అడ్డొచ్చిందని రాత్రికి రాత్రి మొదట్లో బెరడు ఒలిచి పోయేవాళ్లకి కూడా ఈ సంగతి తెలుసు. చెట్టు ఎండేసరికి ఎవరు చేశారో ఎవరికీ గుర్తుండదు. గొడ్డలి కాస్త లోతుగా దిగితే మాత్రం సీను మారుతుంది. వరస నాళాల చెట్టులో పనిచేసే గొట్టాలన్నీ బయటి అంగుళంలోనే ఉంటాయి కదా.

(ప్రశ్న: పూజకి తెచ్చిన గులాబీలు, లిల్లీలు ఫ్లవర్ వాజులో పెడితే సాయంత్రానికే వాలిపోతున్నాయండి.)

కోసినప్పుడు గాలి లోపలికి పోయిందమ్మా. తెచ్చాక కాడ కొసని గిన్నెడు నీళ్లలో ముంచి, నీళ్ల లోపలే ఒక అంగుళం ఏటవాలుగా కత్తిరించి, తడి ఆరకముందే వాజులోకి మార్చండి. తరవాత నీళ్లు రోజూ మార్చాలి. మార్చకపోతే బ్యాక్టీరియా పెరిగి జిగురు అడ్డుపడుతుంది.

(ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ముందు కానుగ చుట్టూ మొదలు దాకా టైల్స్ వేసేశారు. రోజూ బకెట్ నీళ్లు మొదట్లో పోస్తున్నాం. సరిపోతుందా?)

మొదట్లో పోసిన నీళ్లు తాగే వేళ్లు అక్కడ లేవండి. మొదట్లో ఉన్నవి లావు వేళ్లు, మోసేవే కానీ తాగేవి కావు. తాగే సన్నటి వేళ్లు కొమ్మల నీడ అంచు దాకా, దాన్ని దాటి కూడా, పైపై మట్టిలో పరుచుకుని ఉంటాయి. టైల్స్ కింద వాటికి నీరూ లేదు, గాలీ లేదు. గాలాడకపోతే వేరు తడి మట్టిలో ఉన్నా తాగలేదు. అసోసియేషన్ వాళ్లని ఒప్పించి మొదలు చుట్టూ కనీసం రెండు మీటర్ల పాదు వదిలించండి, అంతకన్నా ఎక్కువైతే ఇంకా మంచిది. టైల్స్ పీకాక గడ్డపార వెయ్యొద్దు, సన్న వేళ్లు తెగుతాయి. పైన నాలుగంగుళాల మందాన ఎండుటాకు పరవండి, కాండానికి మాత్రం ఆనించకండి. వారానికొకసారి, సాయంత్రం పూట, పైపు సన్నగా తిప్పి పాదు అంచుల దగ్గర వదిలేయండి. ఒక బకెట్టుతో ఆపకుండా మట్టి జానెడు లోతున తడిసేదాకా ఉంచండి. మేలో పడమటి గాలి తిరిగిన వారం అయితే రెండుసార్లు పెట్టండి.